చావు చూడని లైటు

జహీరాబాదులో నేను ఫోటో తీయని శవం లేదు. బొంబాయి రోడ్డు వెంట అటు కర్ణాటక సరిహద్దు దాకా, ఇటు ఝరాసంగం దాకా, ఎవరు కన్నుమూసినా ముందు నాకు కబురు వచ్చేది, తర్వాతే చుట్టాలకు. ఇట్లా చెప్పుకోవడం నాకు అలవాటైపోయింది. నిజం చెప్పాలంటే మా ఊళ్ళో అప్పటికే ఇంకో స్టూడియో ఉండేది. పెళ్ళిళ్ళన్నీ ఆయనకు పోయేవి, ఆయన వద్దన్నవి నాకు వచ్చేవి.

డెబ్భైల నాటి సంగతి. బతికున్న మనిషికి ఫోటో ఎందుకు అనుకునే కాలం. పెద్దాయన పోయాక గానీ, గోడకు పెట్టుకోవడానికి ఒక్క ఫోటో లేదని ఇంటివాళ్ళకు తట్టేది కాదు. అప్పుడు ఎవరో ఒకరు సైకిలు మీద నా దుకాణానికి పరుగు. నేను వెళ్ళేసరికి ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, చంకల కింద నుంచి ధోవతి తిప్పి కుర్చీ వీపుకు కట్టి, తలకు రుమాలు చుట్టి సిద్ధంగా ఉంచేవారు. ఇల్లేమో చీకటి. మా ఇళ్ళలో కిటికీ అంటే పిల్లి దూరేంత కంత. అందుకే నా సంచీలో ఫ్లాష్ గన్ను, ఒక పెద్ద బల్బు, ఆ బల్బుకు తగరపు గొడుగు. పోయినవాళ్ళు కదలరు, రెప్ప వేయరు, ముఖం మీద వెలుగు కొడితే విసుక్కోరు. అంత మంచి గిరాకీ నాకు మళ్ళీ దొరకలేదు.

ఆ సంచీ భుజాన వేసుకుని పోతుంటే వాకిళ్ళలో ఆడవాళ్ళు పిల్లల్ని లోపలికి లాక్కునేవారు. "యాడికి భాయ్?" అని అడిగే ధైర్యం చాయ్ హోటలాయన ఒక్కడికే ఉండేది.

"మీ ఇంటికే" అనేవాణ్ణి.

"తౌబా తౌబా" అని ఆయన చెంపలు వాయించుకునేవాడు.

నవ్వుకునేవాళ్ళం. ఆ సంచీ మా ఇంటి గడప దాటి లోపలికి రావలసి వచ్చేదాకా నాకది నవ్వులాటే.

నాకు ఒక్కతే చెల్లెలు. ఝరాసంగం దగ్గర ఒక ఊరికి ఇచ్చాం, బావ చెరకు రైతు. మొదటి కాన్పుకు మేము బండి కట్టుకుని పోయి తీసుకొచ్చేలోపే నెలలు నిండకుండా అక్కడే కొడుకు పుట్టాడు. పురిటి స్నానమైనా కాకముందే పోయాడు. ఫోటో లేదు. రెండోసారి ఆడపిల్ల. మా ఇంట్లోనే పుట్టింది, మా ఇంట్లోనే పోయింది. ఆ పొద్దున చెల్లెలు ఏడవలేదు. నా వైపు తిరిగి అడిగింది.

"అన్నా, పెద్దోని మొఖం నాకు యాదికొస్తలేదు. దీన్ని కూడ మర్సిపోత. తియ్యి."

పెద్ద బల్బు పెట్టి తీశాను. పిల్ల నిద్రపోతున్నట్టే వచ్చింది. ఆ ఫోటోను చెల్లెలు పెట్టెలో పెళ్ళిచీర మడతల కింద పెట్టుకుంది. దాన్ని తీసి చూస్తుందో లేదో మేము అడగలేదు, ఆమె చెప్పలేదు.

మూడోసారి చలికాలంలో మా ఇంట్లో మళ్ళీ ఆడపిల్ల. పురిటి గదిలోకి మగవాళ్ళు పోకూడదు గనుక గడప ఇవతల నిలబడి పలకరించాను. లోపల ఆముదం దీపం ఒక్కటే. చెల్లెలి గొంతు వినిపిస్తోంది గానీ మనిషి కనబడడం లేదు.

"అన్నా, దీనికి ఫోటో తియ్యాలె."

"అట్లనే."

"నువ్వు అన్నిటికి అట్లనే అంటవ్. ఇను. కండ్లు తెరిసినప్పుడు తియ్యాలె. నా దిక్కు చూస్తున్నట్టుండాలె. ఇది ఉన్నా, పోయినా, నాకు దీని కండ్లు కావాలె."

ఇది విన్నవాళ్ళకు చిన్న కోరికలా ఉంటుంది. నా పనిలో ఉన్నవాడికి తెలుస్తుంది, ఎంత చిక్కో. రోజుల పిల్ల వెలుతురులో కళ్ళు తెరవదు. దీపం తగ్గిస్తే తెరుస్తుంది. నా ఫిలిమేమో వెలుతురు లేకపోతే కన్ను తెరవదు. పిల్లకు చీకటి కావాలి, కెమెరా డబ్బాకు వెలుగు కావాలి. ఇద్దరికీ నచ్చే లైటు ఏది?

సంచీ తీసుకుని ఇంటికి వచ్చాను. వాకిట్లోనే మా అమ్మ అడ్డం నిలబడింది.

"అదెందుకు తెచ్చినవ్?"

"ఫోటోకు."

"గా లైటు పీనుగుల మొఖాలు చూసిన లైటు. దాన్ని తెచ్చి నా మనుమరాలి మొఖాన కొడ్తవా?"

"అమ్మా, లైటుకు కండ్లుంటయా?"

"దానికున్నయి. నీకే లేవు."

బల్బు హైదరాబాదు నుంచి కొత్తది తెప్పిస్తానన్నాను. "బల్బు కొత్తదే, మరి గొడుగు? వైరు? నీ చెయ్యి?" అంది. నా చేతిని కూడా హైదరాబాదు నుంచే తెప్పించాలా అని నేను అడిగితే ఆమె నవ్వలేదు. ఫ్లాషు మాట ఎత్తనే కూడదు, అది పిడుగు. పెట్రోమాక్స్ అద్దెకు తెద్దామంటే, అది పెళ్ళి ఊరేగింపుకూ పోతుంది, రాత్రి పోయిన శవం దగ్గరికీ పోతుంది. అద్దం పెట్టి వాకిట్లో ఎండను లోపలికి కొడదామంటే, మాటలు రాని పిల్లకు అద్దం చూపిస్తే నోరు పడిపోతుందట. ఆఖరికి బావ నోరు విప్పాడు. ఆయన రోజుకు నాలుగు మాటలు మాట్లాడే మనిషి.

"మా పటేలు ట్రాక్టరు తోల్కొస్త. కిటికి కాడ పెట్టి లైట్లేస్తె పట్టపగలే."

"పొల్ల అనుకుంటున్నరా, చెరుకు లోడు అనుకుంటున్నరా అల్లుడూ?" అంది మా అమ్మ. ఆ రోజుకు ఆయన మాటలు అయిపోయాయి.

మిగిలింది ఆముదం దీపం. దానికి మా అమ్మ ఒప్పుకుంది. పోయిన కాన్పు నాటి ప్రమిదను ఆమె ఎప్పుడో బావిలో పారేసింది. ఇది కొత్తది, ఈ పిల్ల పుట్టుక తప్ప ఇంకేదీ చూడలేదు. గడప ఇవతల పీట మీద పీట వేసి, పైన కెమెరా పెట్టాను. అవతల చెల్లెలు పిల్లను ఒడిలో ఎత్తి పట్టుకుంది. దీపం వెలుగు చాలదు గనుక కెమెరా కన్ను చాలాసేపు తెరిచి ఉంచాలి. తెరిచాను. పిల్ల కూడా కళ్ళు తెరిచింది. నేను ఊపిరి బిగబట్టి లెక్కపెట్టుకుంటున్నాను. సగంలో అది తల ఇటు తిప్పింది.

ఆ ఫోటోలో మూడు ముఖాలు వచ్చాయని నేను జహీరాబాదంతా చెప్పాను. మూడు కాదు, రెండే. రెండోది ముఖమని కూడా గట్టిగా అనలేను, మసక. కానీ చూసినవాళ్ళకు ముఖమే. ఒకే మెడ మీద రెండు తలలు, ఒకటి అటు, ఒకటి ఇటు. రెంటికీ కళ్ళు ఉండవలసిన చోట నల్లటి గుంటలు.

మా అమ్మ ప్రింటును చేతిలోకి కూడా తీసుకోలేదు. నా చేతిలో ఉండగానే చూసి గోడకు ఆనుకుంది.

"వచ్చిన్రు" అంది.

"ఎవరమ్మా?"

"ఎవ్వలని అడుగుతున్నవా? ముందు పోయినోల్లు. దీన్ని తీస్కపోనీకి వచ్చిన్రు."

తల తిప్పింది గనుక అట్లా వచ్చిందని చెప్పాను. కెమెరా తెరిచి ఉంచితే కదిలినదల్లా రెండుగా పడుతుందని, ఇది నా తప్పే గానీ ఎవరి రాకా కాదని మొత్తుకున్నాను. తల తిప్పితే ముఖం తిరగాలి గానీ ఇంకో ముఖం ఎట్లా వస్తుందిరా, అంది. పుట్టిన దగ్గర నుంచి నా మాటల్లో సగం కోతలని తెలిసిన తల్లి ఆమె. అక్షరం కలపకుండా నేను చెప్పిన నిజాన్ని ఆ ఒక్క పూట ఎవరూ నమ్మలేదు. పోనీ నేనైనా నమ్మానా? సాయంత్రం స్టూడియోలో ఆ ప్రింటును ముఖం గోడ వైపు తిప్పి పెట్టాను.

చెల్లెలు మాత్రం భయపడలేదు. ఫోటోను దీపం దగ్గర పెట్టుకుని చాలాసేపు చూసి, "కండ్లు రాలేదన్నా" అంది. అంతే.

మర్నాడే మా అమ్మ తేల్చేసింది. "ఇగ లాభం లేదు. పెంట మీద వెయ్యాలె."

పుట్టినవాళ్ళు పుట్టినట్టే పోతున్న ఇంట్లో మా వైపు ఈ పని చేస్తారు. పురిటి స్నానం నాడు తెల్లవారుజామున బిడ్డను చాటలో పెట్టి పెంటకుప్ప మీద వదిలేసి, వెనక్కి చూడకుండా లోపలికి రావాలి. మంత్రసాని వీధిలోంచి వచ్చి, ఈ పిల్ల ఎవరిదని మూడుసార్లు అడుగుతుంది. ఎవరూ బదులు చెప్పకూడదు. ఎవరూ లేరు గనుక ఆమె ఎత్తుకుంటుంది. అప్పుడు ఇంటివాళ్ళు బయటికి వచ్చి, దోసెడు జొన్నలు పోసి ఆ బిడ్డను ఆమె దగ్గర కొనుక్కుంటారు. ఆ ఇంటి బిడ్డను తీసుకుపోదామని వచ్చినవాళ్ళకు ఆ ఇంటి బిడ్డ ఉండదు. కొన్న బిడ్డ ఉంటుంది.

ఇదంతా అమ్మ చెప్తుంటే గదిలోంచి చెల్లెలి గొంతు వచ్చింది.

"అమ్మా, పెంట మీదున్నప్పుడు అది ఎవ్వల బిడ్డ కాదు గద?"

"కాదు."

"గప్పుడు దిష్టి తగుల్తదా?"

"ఎవ్వల బిడ్డ కాందానికి దిష్టెందుకు తగుల్తదే?"

"మరి గప్పుడు అన్న ఫోటో తియ్యొచ్చు."

మా అమ్మ నన్ను చూసి "మీ అన్న తెలివే నీకూ వచ్చింది, నోట్లె మన్నువడ" అని చెల్లెల్ని తిట్టింది. తిట్టి, "లైటేది?" అంది నాతో.

"మొగులే అమ్మా. పొద్దు పొడవక ముందు మొగులుకే వెలుగుంటది. అంతకన్న ఏం అక్కర్లేదు."

ఆకాశం ఎన్ని చావులు చూసిందని ఆమె అడగలేదు.

షరతులు పెట్టింది. తలస్నానం చేసి రావాలి. సంచీ రాకూడదు. మూడు కాళ్ళ స్టాండు కూడా రాకూడదు, దాని కాళ్ళు ఎన్ని శవాల ముందు నిలబడ్డాయో. కెమెరా ఒక్కటి, అదీ పసుపు నీళ్ళు చల్లాక. కెమెరా అద్దం మీద పడకుండా అరచెయ్యి అడ్డం పెట్టి చల్లించుకున్నాను.

మా ఇంటి వెనక దొడ్లో పెంటకుప్ప. చలికి దాని మీద సన్నగా ఆవిరి లేస్తోంది. మంచు పట్టి ఉంది, దూరంగా రోడ్డు మీద లారీల చప్పుడు తప్ప లారీలు కనబడడం లేదు. గంప బోర్లించి దాని మీద కెమెరా పెట్టాను. మంత్రసాని అప్పటికే గోడ పక్కన ముసుగు కప్పుకుని కూర్చుంది.

"నువ్వు ముందొస్తే పీనుగు, నేను ముందొస్తే పుట్టుక" అంది నాతో. "ఇయ్యాల ఇద్దరమొచ్చినం. ఏమైతదో సూడాలె."

అమ్మ చాట తెచ్చి కుప్ప మీద పెట్టింది. పాత చీర పేలికలో పిల్ల. అమ్మ వెనక్కి చూడకుండా వెళ్ళి తలుపు దగ్గరికి వేసింది. ఆ తలుపు వెనకాలే చెల్లెలు నిలబడి ఉందని నాకు తెలుసు.

నాది పైనుంచి వంగి చూసే కెమెరా. అందులో బొమ్మ కుడి ఎడమలు తారుమారై కనబడుతుంది. ఆ చదరపు అద్దంలో, నీడ అన్నదే లేని వెలుతురులో, పిల్ల ముఖం ఎక్కడా చెదరకుండా కనబడింది. నేను ఇన్నేళ్ళు తగరపు గొడుగులతో తంటాలు పడి తెద్దామనుకున్న వెలుగు అదే. కానీ కళ్ళు మూసే ఉన్నాయి. చలికి ముఖమంతా ముడుచుకుని ఉంది.

మంత్రసాని లేచి వచ్చి అడిగింది. "ఎవ్వలదీ పొల్ల?"

ఎవరూ పలకలేదు. పిల్ల కళ్ళు తెరవలేదు.

"ఎవ్వలదీ పొల్ల?"

నేను చెయ్యెత్తి ఆగమన్నాను. మూడోసారి అడిగితే ఎత్తుకోవాలి. ఎత్తుకుంటే అది మళ్ళీ ఎవరో ఒకరి బిడ్డ, ఇక ఫోటో లేదు. ఆమె గొణుక్కుంటూ రెండు అడుగులు వెనక్కి వేసి, మళ్ళీ మొదటి నుంచి వచ్చింది. మూడుసార్లు అడగవలసిన మాటను నా మూలంగా ఆమె ఎన్నిసార్లు అడిగిందో. అడిగినప్పుడల్లా ఆ తలుపు వెనక ఒకామె, అది నాదే అనకుండా నోరు మూసుకుని నిలబడాలి. చలికి పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. తలుపు చెక్క కిర్రుమంది. తెరుచుకోలేదు.

రోడ్డు మీద ఏదో లారీ హారన్ కొట్టింది. పిల్ల ఉలిక్కిపడి ఏడుపు ఆపి, కళ్ళు తెరిచింది. రెండు కళ్ళూ. నా దిక్కు కాదు, మంత్రసాని దిక్కు కాదు, తలుపు దిక్కే.

ఒకే ఒక్క క్లిక్కు. అట్లా చెప్తే బాగుంటుంది. ఫిలిం రోలు మొత్తం అవగొట్టాను. అందులో కళ్ళున్నది ఒక్కటి.

"ఎవ్వలదీ పొల్ల?" అని ఆఖరిసారి అడిగి, జవాబు కోసం ఆగకుండా, మంత్రసాని ఎత్తుకుంది. జొన్నలు పోయడానికి తలుపు తీసినప్పుడు చూశాను. చెల్లెలి నోటి నిండా కొంగు కుక్కి ఉంది. అమ్మ దాన్ని వేళ్ళతో లాగవలసి వచ్చింది.

ఆ రోజే స్టూడియో వెనక చీకటి గదిలో ప్రింటు వేశాను. ఎర్ర బల్బు కింద, తట్టలో మందు నీళ్ళలో తెల్ల కాగితం. నల్లనివి ముందు తేలతాయి గనుక ముందు కళ్ళు వచ్చాయి. ముఖం ఇంకా లేదు, చాట లేదు, తెల్లటి కాగితం మీద రెండు కళ్ళు. అవి నన్ను చూసి రెప్ప వేశాయి. ఎందరికో ఇట్లాగే చెప్పాను, చెప్పినప్పుడల్లా వినేవాళ్ళ చేతుల మీద వెంట్రుకలు లేచేవి. రెప్ప వేయలేదు. మందు సమంగా పట్టాలని తట్టను ఊపుతున్నది నేనే. అయినా ఆ రోజు గది తలుపు తీసి వెలుతురు రానిస్తే కాగితం పాడవుతుందని తెలిసీ, చెయ్యి గొళ్ళెం దాకా పోయింది.

ఫోటో చెల్లెలి చేతిలో పెట్టాను. ఇప్పుడామె పురిటి గదిలో లేదు, అరుగు మీద ఎండలో కూర్చుంది. పిల్ల ఒళ్ళో ఉంది. ఫోటో చూసింది, పిల్లను చూసింది, మళ్ళీ ఫోటో చూసింది.

"అన్నా, గివి పెద్దోని కండ్లు."

నేను వంగి ఫోటోలోకి చూశాను.

"ఇన్నొద్దులు యాదికి రాలేదు. గిట్లనే చూసేటోడు. గిట్లనే, కొసకండ్లతోటి." ఆమె గొంతు తగ్గించింది, లోపల అమ్మ ఉంది. "నువ్వు వాణ్ణి చూసినవ్ గద. మా ఊరికొచ్చినవ్. ఒక్కసారి అబద్ధం ఆడకుండ చెప్పు. వాని కండ్లే గద?"

చూశాను, నిజమే. వాళ్ళ ఊరికి పోయి గడప ఇవతల నిలబడి చూశాను. దీపం చాలని గది. నాకు కనబడింది బట్టల మూట, ఆ మూట చివర కాస్త జుట్టు. కళ్ళు తెరిచి ఉన్నాయో మూసి ఉన్నాయో కూడా తెలియదు.

"వానివే" అన్నాను.

ఆమె తల ఊపింది. నాకంటే ముందే తెలిసినట్టు ఊపింది. ఫోటోను గుండెకు ఆనించుకోలేదు, ఏడవలేదు. కొంగుతో దాన్ని తుడిచి, పిల్లను నా చేతికిచ్చి లోపలికి పోయింది. పెట్టె మూత లేచిన చప్పుడు, పడిన చప్పుడు వినబడ్డాయి. వచ్చి పిల్లను తీసుకుంది.

"అది వానిది. దీనికి ఇంకోటి తియ్యి."

కొన్న బిడ్డకు భయం లేదని మా అమ్మ కూడా వద్దనలేదు. అరుగు మీదే, పగటి వెలుతురులో, ఎండ నేరుగా పడకుండా పైన తెల్ల పంచె కట్టి తీశాను. పిల్ల పాలు తాగి నిద్రలో ఉంది. కాసేపు ఆగుదాం, లేస్తుంది, అన్నాను.

"వద్దన్నా. ఇట్లనే తియ్యి" అంది చెల్లెలు.

ఆ ఫోటో పటం కట్టించి అత్తగారింట్లో గోడకు పెట్టింది. కళ్ళు మూసుకున్న బిడ్డను గోడకెట్లా పెడతావే అని మా అమ్మ మొత్తుకుంది. నిద్రపోతే కళ్ళు మూసుకోరా, అని చెల్లెలు జవాబు.

పిల్ల బతికింది. పెంట మీద వేసిన పిల్లలకు పెట్టే పేరే పెట్టారు, బళ్ళో వేసేటప్పుడు మార్పించుకుంది. ఎనభైల నాటికి రెండు జడలు వేసుకుని తిరిగేది. ఇంటికొచ్చిన కొత్తవాళ్ళు పటం చూసి గొంతు తగ్గించి, "అయ్యో, పోయిన బిడ్డనా?" అని అడిగేవారు. మూలన కూర్చుని జొన్నరొట్టె తింటున్నది నోట్లో ముద్దతోనే, "కాదు, నేనే" అనేది. వచ్చినవాళ్ళు దాన్ని, పటాన్ని మార్చి మార్చి చూసేవారు.

ఒకసారి నేను వెళ్ళినప్పుడు నన్నే అడిగింది.

"మామా, అందరివి తీస్తవ్ గద. నా చిన్నప్పటిది కండ్లు తెరిసింది ఒక్కటి కూడ తియ్యలేదా?"

చెల్లెలు అవతల బియ్యం ఏరుతోంది. ఆమె చేతులు ఆగాయి. తల మాత్రం ఎత్తలేదు. పెట్టె ఆ గదిలోనే, మంచం కింద ఉంది.

నా నోటికి కోతలు కొత్త కాదు. కావాలంటే ఆ పూట పది కథలు పుట్టేవి.

"నువ్వే తెరవలేదు పిల్లా" అన్నాను.

అది కాసేపు నన్ను అనుమానంగా, కొసకళ్ళతో చూసింది. చెల్లెలు పళ్ళెం పక్కన పెట్టి, "రా బిడ్డా, జడేస్త" అని పిలిచింది.